మాట పోయి అడ్రస్ మిగిలింది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: సెలెక్ట్ చేసిన మాట మీద లింకు పేస్ట్ చేస్తే ఏం జరగాలి? అందుకే ప్రింటర్ల గురించి, పాస్‌వర్డ్‌ల గురించి అడిగినవాళ్లకు వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: నేను రిటైరైన హిస్టరీ మాస్టారిని. విశాఖ చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాల మీద నోట్స్ రాసుకుంటున్నాను. ఏదైనా మాట సెలెక్ట్ చేసి, దానికి సంబంధించిన పేజీ లింకు పేస్ట్ చేస్తే ఒక యాప్‌లో ఆ మాట నీలం రంగుకి మారుతోంది, నొక్కితే పేజీ తెరుచుకుంటోంది. ఇంకో యాప్‌లో మాటే పోయి, ఆ చోట రెండు లైన్ల పొడవున అర్థంకాని గుర్తులు పడుతున్నాయి. ఏది సరైన పద్ధతి? నేనేమైనా తప్పు చేస్తున్నానా?
— ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: మీ తప్పేమీ లేదు మాస్టారూ. మొదటి యాప్ చేస్తున్నదే సరైన పని. రెండోది మీ మాటను చెరిపేస్తోంది.

మీ నోట్స్‌లోదే ఒక వాక్యం తీసుకుందాం. "తొట్లకొండ తవ్వకాలు 1988లో మొదలయ్యాయి" అని రాశారనుకోండి. ఆ సంవత్సరం ఎక్కడ దొరికిందో గుర్తుండాలని 1988ని సెలెక్ట్ చేసి ఆధారం లింకు పేస్ట్ చేశారు. మొదటి యాప్‌లో 1988 కింద గీత పడుతుంది, వాక్యం చెక్కుచెదరదు. రెండోదాంట్లో "తొట్లకొండ తవ్వకాలు", ఆ తర్వాత ఒక పొడవాటి అడ్రస్, చివర "లో మొదలయ్యాయి". సంవత్సరమే లేదు. ఏ సంగతికి ఆధారం పెడదామనుకున్నారో ఆ సంగతే పోయింది. పది నెలల తర్వాత ఆ పేజీ ఇంటర్నెట్ నుంచి తీసేస్తే మీ దగ్గర అంకే ఉండదు, ఆధారమూ ఉండదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. మా నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. చివరి ఏడాది మంచం మీద ఉన్నప్పుడు సాయంత్రాలు పాత ఊరి సంగతులు చెప్తుంటే నేను ఫోన్లో నోట్స్ యాప్‌లో టైప్ చేసేదాన్ని. కోట వీధి, వెలంపేట, సోల్జర్‌పేట, కురుపాం మార్కెట్, ఒక్కో చోటికి రెండు మూడు వాక్యాలు. ఆయన పోయాక ఒక ఆదివారం కూర్చుని, ఏ చోటు ఎక్కడుందో మా పిల్లలకు తెలియాలని మ్యాప్ లింకులు పెట్టాను. బురుజుపేట దగ్గరకొచ్చేసరికి పేరొక్కటే కాకుండా, నాన్న చెప్పిన వాక్యమంతా సెలెక్ట్ అయింది. లింకు పేస్ట్ చేశాను. కరెంటు పోవడంతో ఫోన్ పక్కన పెట్టి లేచాను. మళ్లీ తెరిచింది నాలుగు రోజుల తర్వాత. యాప్ తనంతట తానే సేవ్ చేసేసుకుంది, వెనక్కి తెచ్చే దారి అందులో లేదు. ఆ లింకు ఇప్పటికీ పనిచేస్తుంది. నొక్కితే కనకమహాలక్ష్మి గుడి సందు మీద ఎర్ర గుర్తు చూపిస్తుంది. నాన్న ఆ సందు మలుపు గురించి ఏదో చెప్పారు, ఒక కొట్టు పేరు చెప్పారు. అంతవరకే గుర్తుంది.

అడ్రస్ మళ్లీ వెతుక్కుంటే దొరుకుతుంది మాస్టారూ. రాసుకున్న మాట దొరకదు. నోట్స్ యాప్ తయారుచేసేవాళ్లు ఈ తేడా పట్టించుకోవాలని నా పట్టుదల. సెలెక్ట్ చేసిన మాట మీద లింకు పేస్ట్ చేస్తే లింకు ఆ మాట కిందికి వెళ్లాలి, మాట అలాగే ఉండాలి. నోషన్, స్లాక్, వర్డ్‌ప్రెస్, గిట్‌హబ్ ఇలాగే చేస్తాయి. ఆబ్సిడియన్ అనే నోట్స్ యాప్ వాడేవాళ్లకు ఈ పని చేసిపెట్టే ప్లగిన్, అంటే విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం ఉంది. మీ రెండో యాప్‌లో ఆ సదుపాయం లేకపోతే మాట సెలెక్ట్ చేసి కంట్రోల్, కె కలిపి నొక్కి చూడండి. వర్డ్, గూగుల్ డాక్స్, జీమెయిల్, ఇంకా చాలా చోట్ల లింకు అడిగే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అడ్రస్ అందులో పేస్ట్ చేసి ఎంటర్ కొడితే మాటకి ఏమీ కాదు.

"అర్థంకాని గుర్తులు" అన్నారు, దాని సంగతీ చెప్తాను. తెలుగు వికీపీడియాలో విశాఖపట్నం పేజీ తెరిస్తే పైన అడ్రస్‌లో విశాఖపట్నం అని చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది. కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాల దండ పడుతుంది. ఎందుకంటే వెబ్ అడ్రస్‌లో నేరుగా రాయడానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే అనుమతి ఉంది. మిగతావన్నీ మారువేషంలో వెళ్లాలి. "విశాఖపట్నం" అన్న మాటలో కంప్యూటర్ లెక్క ప్రకారం పది గుర్తులున్నాయి: వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్న. ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే గుర్తుకి తొమ్మిది, మాట మొత్తానికి 90. ఇంగ్లిష్ పేజీ అడ్రస్ అచ్చంగా పడినా అందులో ఊరి పేరో, విషయమో చదువుకోవచ్చు. తెలుగు పేజీ అడ్రస్ పడితే అది దేని గురించో మనిషికి తెలిసే దారే లేదు. మనం రాసిన మాటను చెరిపి ఆ 90 గుర్తులు పెట్టే యాప్ ఇంగ్లిష్‌వాళ్లకంటే మనకే ఎక్కువ నష్టం చేస్తోంది. కళ్లు కనిపించక స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ల సంగతి ఆలోచించండి. లింకుకి "తొట్లకొండ" అనే పేరుంటే ఆ పేరు వినిపిస్తుంది. లేకపోతే ఆ గుర్తులన్నీ వరసగా వినాలి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. మీరు పోయిన సంచికలో ఒక మాటగా "పేస్ట్ చేస్తే మాట చెరిగిపోకూడదు" అన్నారు. నేను ఒప్పుకోను. పేస్ట్ అంటేనే సెలెక్ట్ చేసినదాని స్థానంలో కొత్తది రావడం. అన్ని యాప్‌లలో దశాబ్దాలుగా అంతే. లింకుల కోసం ఆ నియమం మారిస్తే ఎప్పుడు ఏం జరుగుతుందో వాడేవాళ్లకి తెలియదు.
— ఒక పాఠకుడు, రుషికొండ

జవాబు: మీరు చెప్పిన నియమం మంచిదే, దానికి పెద్ద చరిత్ర ఉంది. 1970ల నడుమ అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే ఎడిటర్ తయారుచేశారు. ఈరోజు మనం చేసే కట్, కాపీ, పేస్ట్ చాలావరకు ఆ రూపంలోనే మనదాకా వచ్చాయి. మాట స్థానంలో మాట పెట్టడానికి అంతకంటే తేలికైన పద్ధతి ఇప్పటికీ రాలేదు.

కానీ లింకుకి వేరే చరిత్ర ఉంది. 1990 చివర్లో సెర్న్ అనే యూరప్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ నెక్స్ట్ అనే కంప్యూటర్ మీద మొదటి వెబ్ బ్రౌజర్ రాశారు. అందులో పేజీలు చూడటమే కాదు, రాయడమూ కుదిరేది. లింకు పెట్టాలంటే ముందు చేరవలసిన చోటుకి వెళ్లి "మార్క్" చేసేవారు. తర్వాత మన పేజీకి వచ్చి, ఏ మాట మీద కావాలో ఆ మాట సెలెక్ట్ చేసి, మార్క్ చేసినదానికి కలపమని మెనూలో నొక్కేవారు. మాట కదిలేది కాదు, అడ్రస్ ఎవరూ కళ్లతో చూడనక్కర్లేదు. ఆ మెనూలో ఉన్న "మార్క్" మన "కాపీ"కి, "కలుపు" మన "పేస్ట్"కి అన్నదమ్ముల వరస. సెలెక్ట్ చేసిన మాట మీద లింకు పేస్ట్ చేస్తే అతుక్కోవాలనడం నేను కొత్తగా కోరుతున్నది కాదు. వెబ్ పుట్టిననాటి అలవాటే అది.

మీరన్న రెండో మాట మాత్రం నిజం. ఎప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలియాలి. అందుకే యాప్ ఊహాగానాలు చేయకూడదంటాను. క్లిప్‌బోర్డులో (కాపీ చేసినది తాత్కాలికంగా ఉండే చోటు) ఉన్నది హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఒకే ఒక్క పూర్తి అడ్రస్ అయితేనే అతికించాలి. ముందూ వెనకా ఖాళీలుంటే తీసేయవచ్చు. అడ్రస్ పక్కన ఇంకో మాట ఉన్నా అది మామూలు రాత, మామూలుగానే పేస్ట్ కావాలి. మధ్యలో చుక్క కనిపించింది కదా అని లింకు చేసేయకూడదు. మనవాళ్లు చాలామంది వాక్యం చివర చుక్క పెట్టి ఖాళీ వదలకుండా తర్వాతి మాట మొదలెడతారు. పైగా డాట్ కామ్ లాగా తెలుగులో డాట్ భారత్ అనే నిజమైన డొమైన్ కూడా ఉంది. చుక్క చూసి నిర్ణయించే యాప్ ఏదో ఒకరోజు తప్పకుండా పొరబడుతుంది.

ఎక్కడ అతికించకూడదో కూడా చెప్తాను. సెలెక్ట్ చేసినదే ఒక పాత అడ్రస్ అయితే, మనిషి దాన్ని మార్చాలనుకుంటున్నాడని అర్థం. అక్కడ మీ నియమమే సరి, పాతది పోయి కొత్తది రావాలి. ఆ మాటకి ముందే లింకు ఉంటే మాట అలాగే ఉండి అడ్రస్ మారాలి. కోడ్ రాసే పెట్టెలో అయితే ఏ తెలివితేటలూ వద్దు, ఉన్నది ఉన్నట్టు పడాలి. నాలుగు పేరాలు సెలెక్ట్ చేసి పేస్ట్ చేస్తే ఆ నాలుగింటికీ నీలం రంగు పూయడం అర్థం లేని పని, వాటిని మామూలుగా తీసేసి అడ్రస్ పెట్టవచ్చు. ఇంతకుమించి మినహాయింపులు అక్కర్లేదు.

మాట తీసేసి నిజంగానే అడ్రస్ పెట్టాలనుకునేవాళ్లకి కంట్రోల్, షిఫ్ట్, వి ఉంది కదా. హంగులేమీ లేకుండా పేస్ట్ చేయడానికి చాలా చోట్ల అదే వాడుక. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, చేసినదాన్ని వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్. ఒక్కసారి నొక్కితే లింకు మాత్రమే పోవాలి. మాట ఉండాలి, సెలెక్ట్ అయినది సెలెక్ట్ అయినట్టే ఉండాలి. అప్పుడు ఏం జరిగిందో కళ్ల ముందే తెలుస్తుంది, ఇంకో అడ్రస్ పేస్ట్ చేసుకోవచ్చు. కొన్ని యాప్‌లలో ఒక జెడ్ నొక్కితే దానికి ముందు టైప్ చేసిన సగం పేరా కూడా ఎగిరిపోతుంది. మీరు ఇలాంటివి తయారుచేసే చోట ఉన్నారు కాబట్టి ప్రత్యేకంగా అడుగుతున్నాను. పేస్ట్‌ని ఎప్పుడూ విడి అడుగుగా లెక్కపెట్టండి, టైపింగ్‌తో కలపకండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, నోట్స్ అంతా ఫోన్లోనే. "విశాఖపట్నంలో" అన్న మాట మీద రెండుసార్లు తడితే "లో"తో సహా సెలెక్ట్ అవుతోంది. "విశాఖపట్నం" వరకే లింకు రావాలంటే ఎలా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సెలెక్ట్ అయ్యాక రెండు చివర్లా కనిపించే బుడిపెల్లో కుడివైపుదాన్ని వేలితో వెనక్కి లాగు బాబూ. "నం" తర్వాత ఆపి, అప్పుడు పేస్ట్ చేయి.

అయితే ప్రతిసారీ అంత కష్టం అక్కర్లేదు. మన విభక్తులు మాటకి అతుక్కునే ఉంటాయి. "భీమిలిలో" నుంచి "భీమిలి" విడదీయగలవు గానీ "సింహాచలానికి"లో "సింహాచలం" ఎక్కడుంది? అక్కడ మొత్తం మాటకే లింకు ఇవ్వాలి. కాబట్టి నా నోట్స్‌లో అన్నిటికీ విభక్తితో సహా ఇచ్చేస్తాను, చూడటానికి ఒకేలా ఉంటుంది. యాప్‌వాళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. కొన్నిటిలో బుడిపె లాగుతుంటే అక్షరం మధ్యలో ఆగుతుంది. "పట్నం"లో ట కింద ఉన్న న వత్తు దగ్గర తెగితే సగం అక్షరం నీలంగా, సగం నల్లగా మారుతుంది, లేదా వత్తు విడిపోయి పక్కకి పడుతుంది. తెలుగులో లింకు సరిహద్దు ఎప్పుడూ పూర్తి అక్షరం చివరే పడాలి. ఇంకొకటి, కంప్యూటర్లో మాట మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోసారి పక్కనున్న ఖాళీ కూడా సెలెక్ట్ అవుతుంది. ఆ ఖాళీ కింద గీత పడకూడదు. లింకు ముగిశాక మనం టైప్ చేసే కొత్త మాటలు అందులో కలవకూడదు. ఇవి చిన్న విషయాలే అయినా, ఇవి సరిగా లేని యాప్‌లో తెలుగు రాయడం రోజూ కాలిలో ముల్లు పెట్టుకుని నడిచినట్టే ఉంటుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోట్స్‌లో లింకులన్నీ మీరన్నట్టే మాటల కింద పెట్టాను. వాట్సాప్ గ్రూప్‌లో పేస్ట్ చేస్తే మాటలొచ్చాయి, లింకులు రాలేదు!
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అవునమ్మా, ఈ పద్ధతిలో ఉన్న నిజమైన ఇబ్బంది ఇదొక్కటే. మీరు కాపీ కొట్టినప్పుడు క్లిప్‌బోర్డులోకి రెండు ప్రతులు వెళ్తాయి. ఒకటి రంగులు, లింకులతో సహా. రెండోది ఉత్త అక్షరాలు. వాట్సాప్ మెసేజ్‌లో మాట కింద లింకు పెట్టే ఏర్పాటు లేదు కాబట్టి ఉత్త అక్షరాలే తీసుకుంటుంది. "మీటింగ్ వివరాలు" అన్న మాటే వస్తుంది, అది ఎక్కడికి వెళ్లాలో రాదు.

నోట్స్ యాప్‌లో "లింకులతో సహా కాపీ" అని ఒక ఆప్షన్ ఉండాలని నా కోరిక. మాట, పక్కనే అడ్రస్. మార్క్‌డౌన్ పద్ధతిలో దాచే యాప్‌లకు ఈ బాధ తక్కువ. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన ఆ పద్ధతిలో లింకు కూడా మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, మాట చదరపు బ్రాకెట్లలో, దాని వెంటనే అడ్రస్ గుండ్రటి బ్రాకెట్లలో. కాపీ చేస్తే రెండూ కలిసే వెళ్తాయి. (అడ్రస్‌లోనే గుండ్రటి బ్రాకెట్ ఉంటే కొన్నిచోట్ల లింకు సగంలో తెగుతుంది, పంపేముందు ఒకసారి నొక్కి చూసుకోండి.) మీ యాప్‌లో అలా లేకపోతే, గ్రూప్‌లో పెట్టాల్సిన లింకులను నోట్ చివర విడిగా, ఒక్కో లైనుకి ఒకటి చొప్పున అచ్చంగా ఉంచుకోండి. వాట్సాప్‌కి వెళ్లేవి అవి. మీరు చదువుకునేవి పైన మాటల కింద.

ప్రశ్న: మా అత్తగారు చెప్పిన వంజరం పులుసు కొలతలు రాసుకున్నాను. మా అమ్మాయి ఆ లైను మీద ఏదో వీడియో లింకు పేస్ట్ చేసింది, కొలతలు పోయాయి. మళ్లీ వస్తాయా? అత్తగారు ఇప్పుడు లేరు.
— ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: మీ ఉత్తరం చదవగానే, పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేశాను. ఇలాంటివాటికి గడువుంటుంది కనుక. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ముందు ఆ నోట్‌లో ఇంకేమీ టైప్ చేయకండి. గూగుల్ డాక్స్ అయితే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, తేదీల వారీగా పాత ప్రతులు చూపిస్తుంది. నోషన్‌లో ఉచితంగా వాడేవాళ్లకి ఏడు రోజుల వెనక వరకే దొరుకుతుంది. ఆబ్సిడియన్‌లో ఫైల్ రికవరీ అనేది ఉంది, మనం సెట్టింగ్ మార్చకపోతే అదీ ఏడు రోజులే దాస్తుంది. పాత ప్రతి దొరికితే దాన్ని మొత్తంగా రీస్టోర్ చేయకండి, ఈ మధ్యలో రాసినవి పోతాయి. కావలసిన లైను మాత్రం కాపీ చేసుకుని ఇప్పటి నోట్‌లో పెట్టుకోండి.

ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నేను చెప్తుంటే ఒక్కో తేదీ తెరిచారు. శుక్రవారం ప్రతిలో లేదు. గురువారం లేదు. బుధవారం సాయంత్రం ప్రతి తెరిచి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చదివి వినిపించారు: "కిలో ముక్కలకి చింతపండు పెద్ద నిమ్మకాయంత, మెంతులు చిటికెడే, ఎక్కువైతే చేదు. మామిడికాయల రోజుల్లో చింతపండు సగం తగ్గించు." వీడియో లింకు కూడా తీసేయలేదు. "వంజరం" అన్న మాట సెలెక్ట్ చేసి దాని మీద పేస్ట్ చేసుకున్నారు. ఈసారి మాట అలాగే ఉంది.